కమల వరి లైసెన్సు కాగితం రైతులకు చూపించండి

భారత వ్యవసాయ పరిశోధన మండలి (ఐసీఏఆర్) డైరెక్టర్ జనరల్ గారికి,
రాజేంద్రనగర్‌లోని భారత వరి పరిశోధన సంస్థ డైరెక్టర్ గారికి,

నమస్కారం.

2025 మే 4న ఢిల్లీలో కేంద్ర వ్యవసాయ మంత్రి రెండు కొత్త వరి రకాలను ప్రకటించారు. ఒకటి మీ రాజేంద్రనగర్‌లో తయారైన డీఆర్ఆర్ ధాన్ 100. దానికి మీరు పెట్టిన పేరు కమల. రెండోది ఢిల్లీ పూసా సంస్థ వాళ్ల పూసా డీఎస్టీ రైస్ 1. రెండూ జీనోమ్ ఎడిటింగ్‌తో, అంటే మొక్క సొంత జన్యువులోనే చిన్న మార్పు చేసి, తీసినవే. ప్రపంచంలోనే ఇలాంటి వరి ఇదే మొదటిసారి అని మర్నాడు పేపర్లన్నీ రాశాయి. మా ఊళ్లో కాఫీ హోటల్ దగ్గర మాత్రం మాట వేరేగా నడిచింది. "కమలంటే ఇంకేం లేదంట, మన సాంబ మసూరి బీపీటీనే కొంచెం మార్చారంట" అన్నారు. దాని వెంటే ఇంకో ప్రశ్న కూడా వచ్చింది: "మరి రేటు ఎంత పెడతారో?"

ఆ రెండో ప్రశ్న కోసమే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను బాపట్ల వ్యవసాయ కళాశాలలో చదివాను. కొన్నేళ్లు పల్నాడులో విత్తనాల కొట్టు నడిపాను. ఇప్పుడు కొల్లూరు వైపు సొంత పొలమూ కౌలు పొలమూ కలిపి సార్వాకు వరి వేస్తాను. కొత్త టెక్నాలజీ అంటే నాకు భయం లేదు, ఆ మాట ముందే చెప్పేస్తాను. కమల వస్తే మొదటి ఏడే నాలుగు సెంట్లలో నారు పోసి చూసేవాళ్లలో నేనూ ఉంటాను. బీపీటీతో పడే బాధలు పండించేవాడికే తెలుస్తాయి. నూట యాభై రోజుల పంట. కాలవ చివరి పొలాలకు నీళ్లు ఆలస్యంగా వస్తే నాట్లు ఆగస్టు దాటిపోతాయి, కోతల వేళకు తుపాను కాచుక్కూర్చుంటుంది. గాలికి చేను పడిపోతుంది. దోమపోటు, ఎండాకు తెగులు సరేసరి. కమల ఇరవై రోజులు ముందే కోతకొస్తుందన్న మీ మాట నిజమైతే, చివరి భూములవాళ్లకు అదొక్కటి చాలు.

దిగుబడి మాటకొస్తే, హెక్టారుకు సాంబ మసూరి సగటు 4.5 టన్నులైతే కమలది 5.37 టన్నులని మీ ప్రకటన. మా 75 కిలోల బస్తా లెక్కలో ఎకరానికి 24 బస్తాలు వచ్చే చోట 29 అన్నమాట. కృష్ణా పశ్చిమ డెల్టాలో కాలం కలిసొచ్చిన ఏడు బీపీటీయే ముప్పై దాటుతుంది కాబట్టి, ఆ 29 మమ్మల్ని అంతగా కదిలించదు. మీ ప్రయోగాల లెక్కల మీద తర్వాత వాదోపవాదాలు కూడా నడిచాయి. ఆ గొడవలోకి నేను పోను. పంట ఎంత పండుతుందో పొలమే చెబుతుంది. విత్తనం ఎవరిదో, దాని మీద ఎవరికి ఏ హక్కుందో పొలం చెప్పదు. అది చెప్పాల్సింది మీరు.

ముందు తల్లి రకాల సంగతి. సాంబ మసూరి, అంటే బీపీటీ 5204, 1986లో బాపట్ల నుంచి విడుదలైంది. కోయంబత్తూరు జీఈబీ 24, తైవాన్ నుంచి వచ్చిన తైచుంగ్ నేటివ్ 1, మలేసియా దారిన వచ్చిన మసూరి, ఈ మూడూ కలిసి పుట్టిన రకం అది. మూడు చోట్ల సరుకు కలిపితే వచ్చిన విత్తనం, ఏ దేశానికీ ఎవరూ పైసా రాయల్టీ కట్టలేదు. బాపట్ల కూడా ఎవరి దగ్గరా వసూలు చేయలేదు. రైతు దగ్గర్నుంచి రైతుకు, బస్తాకు బస్తా బదులుగా, కొన్ని చోట్ల నాగుకు, అంటే గింజలకు గింజలే వడ్డీతో తిరిగిచ్చే అప్పుకు, జిల్లాలు దాటింది, రాష్ట్రాలు దాటింది. ఇక పూసా రకానికి తల్లి ఎంటీయూ 1010, మన పశ్చిమ గోదావరి మారుటేరు బిడ్డ. కాటన్‌దొర సన్నాలు అంటే గుర్తుపట్టనివాళ్లుండరు. కృష్ణవేణినీ ఐఆర్ 64నూ కలిపి తీశారు. ఆ 1010 కడుపునే తర్వాత తెలంగాణ సోనా కూడా పుట్టింది. అంటే మీరు ప్రపంచానికి చూపించిన రెండు రకాలకూ పునాది తెలుగు నేల మీద, ప్రభుత్వ జీతాలతో, రైతుల పొలాల్లో పడింది.

దాని మీద మీరు చేసిన పని చిన్నదీ కాదు, అడ్డగోలుదీ కాదు. వరిలో సీకేఎక్స్2 అనే జన్యువు ఉంది. అది తయారుచేసే ఎంజైమ్ సైటోకైనిన్ అనే హార్మోన్‌ను విరగ్గొడుతుంది. ఆ జన్యువును పనిచేయకుండా ఆపితే కంకి దగ్గర సైటోకైనిన్ నిలుస్తుంది, కంకికి గింజలు పెరుగుతాయి. మీరు ఆపింది దాన్నే. బయటి జీవి జన్యువు ఏదీ తెచ్చి పెట్టలేదు. జన్యువును కోయడానికి వాడిన క్రిస్పర్ అనే ప్రయోగశాల కత్తెరను కూడా తర్వాతి తరాల్లో ఏరివేత ద్వారా మొక్కలో లేకుండా తీసేశారు. 2022 మార్చిలో పర్యావరణ శాఖ ఇచ్చిన మెమో ప్రకారం ఇలాంటి ఎడిటింగ్‌కు జీఎం పంటల కఠిన నిబంధనల నుంచి మినహాయింపు కూడా ఉంది. శాస్త్రం, అనుమతులు, ఈ రెండింటి వరకూ సరే.

ఆ కత్తెర మాత్రం మనది కాదు.

క్రిస్పర్-క్యాస్9 అనే ఆ కత్తెరను 2012లో ప్రపంచానికి చూపించిన ఎమ్మాన్యుయెల్ షార్పెంటియె, జెన్నిఫర్ డౌడ్నాలకు 2020లో నోబెల్ వచ్చింది. పేటెంట్ల దగ్గరకొచ్చేసరికి వాళ్ల యూనివర్సిటీలు ఒక వైపు, అమెరికాలోని బ్రాడ్ ఇన్‌స్టిట్యూట్ ఒక వైపు నిలబడి పదేళ్లకు పైగా కోర్టుల్లో కొట్టుకుంటున్నాయి. 2022లో అక్కడి పేటెంట్ బోర్డు బ్రాడ్ పక్షాన తీర్పిస్తే, 2025 మేలో అప్పీలు కోర్టు అందులో కీలకమైన భాగాన్ని కొట్టేసి మళ్లీ చూడమంది. మన పేటెంట్ ఆఫీసు కూడా షార్పెంటియె, కాలిఫోర్నియా యూనివర్సిటీ వర్గానికి 2022లో పేటెంటిచ్చింది. దాని అంతర్జాతీయ దరఖాస్తు 2013 నాటిది. మన చట్టంలో లెక్క దరఖాస్తు తేదీ నుంచి ఇరవై ఏళ్లు, అంటే 2033 దాకా. ఇక వ్యవసాయంలో ఈ కత్తెర వాడుకోవడానికి లైసెన్సులిచ్చే గుమ్మం దాదాపుగా ఒక్కటే. ఆ కంపెనీ పేరు కోర్టెవా, పాత డ్యూపాంట్ పయొనీర్. కాలిఫోర్నియా వైపు హక్కులు దాని చేతికి ముందే వచ్చాయి. 2017లో బ్రాడ్‌తో కూడా ఒప్పందం చేసుకుని, ఇద్దరం కలిసి లైసెన్సులిస్తామని ప్రకటించింది. యూనివర్సిటీల్లో పరిశోధనకైతే ఉచితం. అమ్మకానికైతే లైసెన్సు.

కమల ఇప్పుడు ఆ గీత మీద నిలబడి ఉంది. రాజేంద్రనగర్ గ్లాస్‌హౌస్‌లో ఉన్నంతకాలం అది పరిశోధన. పేటెంట్ చట్టం 47వ సెక్షన్ కూడా ప్రయోగాలకు దారి వదిలింది. బ్రీడర్ విత్తనం, ఫౌండేషన్ విత్తనం అనే మెట్లు దాటి సర్టిఫైడ్ విత్తనంగా సంచుల్లోకి ఎక్కిన రోజు అది వ్యాపారం. ఆ రోజుకు ముందు ఎవరితో ఏం మాట్లాడుకున్నారు? ఎంతకు మాట్లాడుకున్నారు? సంచికింత అనా, ఒకేసారి ఇచ్చే మొత్తమా, ఉచితమా? దిగుబడి, నీళ్ల ఆదా, వాతావరణ లెక్కలు మీ ప్రకటనలో వివరంగా ఉన్నాయి. లైసెన్సు షరతులు ఒక రైతు చదివి అర్థం చేసుకునేలా నాకు ఎక్కడా కనిపించలేదు.

"పేటెంట్ చట్టం 3(జె) ఉందిగా, మన దేశంలో మొక్కలకూ విత్తనాలకూ పేటెంట్ ఇవ్వరుగా, నీకెందుకంత టెన్షన్" అని నా క్లాస్‌మేట్ ఒకాయన అన్నాడు. ఆయన చెప్పిన సెక్షన్ నిజమే. నా టెన్షన్‌కు కారణం పత్తి.

2005లో నా కొట్టులో బీటీ పత్తి విత్తనం, అంటే పురుగును ఆపే జన్యువు పెట్టిన పత్తి, అమ్మాను. 450 గ్రాముల ప్యాకెట్. దానికి తోడు 120 గ్రాముల చిన్న సంచి, నాన్ బీటీ. చేను చుట్టూ వేయమని ఇచ్చేవాళ్లు, చాలామంది గట్టు మీదే పారేసేవాళ్లు. ప్యాకెట్ ధర 1,600 నుంచి 1,850 రూపాయల దాకా పలికింది. అందులో 1,250 రూపాయల దాకా మోన్‌శాంటో, మహికోల ఉమ్మడి కంపెనీకి పోయే రాయల్టీయే. వాళ్లు దానికి పెట్టిన పేరు ట్రెయిట్ వాల్యూ. ఆ మాట ప్యాకెట్ మీద తెలుగులో ఎక్కడా ఉండేది కాదు. మాచవరం వైపు నుంచి వచ్చే ఒక పెద్దాయన ప్యాకెట్‌ను అటూ ఇటూ తిప్పి చూసేవాడు. "ఇంతలో గింజ ఖరీదెంతయ్యా?" అని అడిగేవాడు. డీలర్‌గా నాకొచ్చే మార్జిన్ నాకు తెలుసు. దాని పైన ఏముందో నాకూ తెలియదు.

తర్వాత తెలిసిన సంగతి ఇది. అప్పుడు అమ్మిన మొదటి తరం బీటీ, బోల్‌గార్డ్-1కు, భారతదేశంలో పేటెంటే లేదు. పేటెంట్ లేని జన్యువుకు రైతు అంత రాయల్టీ కట్టాడు. ఎలా కట్టాడంటే, విత్తన కంపెనీలతో రాసుకున్న సబ్‌లైసెన్సు ఒప్పందం ద్వారా. చట్టం ఏం చెబుతోందన్నది పక్కన పెడితే, ఆ ఒప్పందం సంతకమైన రోజే రేటు ఖాయమైపోయింది. రైతు ఆ కాగితాన్ని చూడలేదు, ప్రభుత్వమూ చూడలేదు. 3(జె) ఉంది కదా అని నన్ను నిద్రపొమ్మనేవాళ్లకు నేను చెప్పేది ఇదే.

అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఊరుకోలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. 2006లో గుత్తాధిపత్య వ్యాపారాల కమిషన్ ముందు కేసు వేసింది. ప్యాకెట్ 750 రూపాయలకు మించి అమ్మకూడదని ఆదేశించింది. 2007లో పత్తి విత్తనాల ధరల మీద ఏకంగా చట్టమే చేసింది. మిగతా రాష్ట్రాలు మన వెనకే వచ్చాయి. అంతకుముందు 1,850కి అమ్మిన చేత్తోనే 750కి అమ్మాను నేను. కంపెనీలేవీ మూతపడలేదు. మరి మధ్యలో ఉన్న ఆ పదకొండు వందలూ ఏ లెక్కన తీసుకున్నట్టు?

తర్వాత బోల్‌గార్డ్-2 వచ్చింది. దానికి మాత్రం 2008లో ఇచ్చిన భారతీయ పేటెంట్ ఉంది. ఆ పేటెంట్ మీదే హైదరాబాదు నూజివీడు సీడ్స్‌కూ మోన్‌శాంటోకూ ఢిల్లీ హైకోర్టులో గొడవ నడిచింది. 2018 ఏప్రిల్‌లో ఇద్దరు జడ్జీల బెంచి 3(జె) కింద ఆ పేటెంట్ చెల్లదంది. 2019 జనవరి 8న సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కన పెట్టి, సాక్ష్యాలు విని మళ్లీ తేల్చమని వెనక్కి పంపింది. అదే ఏడు నవంబరులో పేటెంట్ గడువు తీరిపోయింది. 2021లో రెండు కంపెనీలూ రాజీపడ్డాయి. ప్రయోగశాలలో తయారైన జన్యువు మీద పేటెంటు, ఆ జన్యువున్న విత్తనం దాకా పాకుతుందా లేదా అన్న అసలు ప్రశ్న తేలకుండానే ఫైలు మూశారు. ఈలోగా కేంద్రం ధరల నియంత్రణ ఉత్తర్వు తెచ్చి, 2016లో ట్రెయిట్ వాల్యూను 49 రూపాయలకు దించింది, తర్వాత 39, 20, చివరకు 2020లో సున్నా. గులాబీ రంగు పురుగు బోల్‌గార్డ్-2 కాయల్లో హాయిగా తిరుగుతున్న ఏళ్లలో కూడా రైతు ఆ డబ్బు కడుతూనే ఉన్నాడు. కాయ పగలగొడితే పురుగు. ప్యాకెట్ మీద పురుగును ఆపే జన్యువు పేరు.

ఆ తేలని ప్రశ్న ఇప్పుడు వరిలోకి వస్తోంది, అదీ ఇంకాస్త మెలిక తిరిగి. బీటీ పత్తి గింజలో పేటెంటున్న జన్యువు కూర్చుని ఉంటుంది. కమల గింజలో కత్తెర ఉండదు, కోసిన గుర్తు ఒక్కటే ఉంటుంది. అలాంటప్పుడు విత్తనం మీద కత్తెర యజమానికి హక్కేంటి అని ఎవరైనా అంటారు. నేనూ అంటాను. కానీ చట్టం 48వ సెక్షన్ రెండో భాగం చూడండి: పేటెంటున్న పద్ధతి ద్వారా నేరుగా వచ్చిన వస్తువు మీద కూడా పేటెంటుదారుకు హక్కుంటుంది. మీరు ప్రయోగశాలలో కోసిన మొదటి మొక్క 'నేరుగా వచ్చింది' అయితే, దాని మనవళ్ల మనవళ్లు నా పొలంలో ఉన్నప్పుడు ఏమవుతుంది? 3(జె) అడ్డుపడుతుందని నేను నమ్ముతాను. రేపు కోర్టులో నా నమ్మకం పనికిరాదు. మీ న్యాయ విభాగం రాతపూర్వకంగా ఏమనుకుంటోందో చెప్పండి.

రైతు హక్కుల చట్టం ఉంది కదా అనొచ్చు. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం 39వ సెక్షన్ నిజంగా గొప్పది. రక్షణ పొందిన రకమైనా సరే, తన పంటలోంచి విత్తనం దాచుకోవచ్చు, మళ్లీ విత్తుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు, బ్రాండు వేయకుండా అమ్ముకోవచ్చు కూడా. ఏ దేశంలోనూ రైతుకు ఇంత వెసులుబాటు తేలిగ్గా దొరకదు. అయితే ఆ సెక్షన్ 'ఈ చట్టంలో ఏమున్నప్పటికీ' అని మొదలవుతుంది. ఈ చట్టంలో. పేటెంట్ చట్టంలో ఏమున్నప్పటికీ అని లేదు. పేటెంట్ చట్టంలో విత్తనం దాచుకునే రైతు గురించి ప్రత్యేకంగా ఒక్క వాక్యం లేదు. ఈ రెండు చట్టాల మధ్య సందులో కమల లాంటి రకం పడితే ఎవరు పట్టుకుంటారు?

చట్టం రైతు వైపే ఉన్నా నోటీసు రాకుండా ఆగదు, అది కూడా చూశాం. 2019లో గుజరాత్‌లో పెప్సీకో తన బంగాళాదుంప రకం పండించారని చిన్న రైతుల మీద కేసులు వేసింది. కొందరి మీద ఒక్కొక్కరికీ కోటి రూపాయల పైన అడిగింది. దేశమంతా గోల చేస్తే వెనక్కి తీసుకుంది. కోటి రూపాయల కాగితం ఇంటికొచ్చిన రోజున 39వ సెక్షన్ చదువుకుంటూ కూర్చునే నిబ్బరం ఎంతమందికి ఉంటుంది? అక్కడ వేసింది పేటెంట్ కేసు కూడా కాదు, రైతు హక్కులు రాసి ఉన్న చట్టం కిందే వేశారు.

వరికీ పత్తికీ ఒక పెద్ద తేడా ఉంది. బీటీ పత్తి మనకు హైబ్రిడ్లలోనే వచ్చింది. దాచుకుని వేస్తే పంట సరిగా రాదు కాబట్టి రైతు ప్రతి ఏడూ కొట్టుకు రాక తప్పేది కాదు. కమల హైబ్రిడ్ కాదు, రకం. మా దగ్గర బీపీటీ వేసేవాడు చేలో కల్తీ లేని మడి ఒకటి చూసుకుని, కేళీలు, అంటే వేరే రకం మొక్కలు, ఏరేసి, విడిగా కోయించి, బాగా ఎండబెట్టి, నాలుగు బస్తాలు పక్కన పెడతాడు. మిగిలింది బావమరిదికో, పక్క చేను ఆయనకో. మూడు నాలుగేళ్లకు ఒకసారి విత్తనం మారుస్తాడు. సాంబ మసూరి పాకింది ఈ దారినే. కమలకు కూడా ఇదే దారి తెరిచి ఉంటుందని లైసెన్సులో ఒక్క ముక్క రాయించుకున్నారా? లేక, రైతు దాచుకున్న విత్తనం గురించి ఒప్పందంలో మాటే లేదా? మాట లేకపోవడం కూడా నాకు భయమే.

ఈ కత్తెర బిల్లు ఎలా ఉంటుందో వైద్యం వైపు చూస్తే తెలుస్తుంది. సికిల్ సెల్ అనే రక్తం జబ్బుకు క్రిస్పర్‌తో చేసిన మొదటి చికిత్స క్యాస్‌జెవీకి 2023 నవంబరులో బ్రిటన్, డిసెంబరులో అమెరికా అనుమతిచ్చాయి. అమెరికాలో దాని ధర రోగికి 22 లక్షల డాలర్లు. దాన్ని తయారుచేసిన రెండు కంపెనీల్లో ఒకటి స్వయంగా షార్పెంటియె స్థాపకురాలిగా ఉన్న కంపెనీ. అయినా రెండో కంపెనీ వెర్టెక్స్, బ్రాడ్ వైపు పేటెంట్ల లైసెన్సు ఉన్న ఎడిటాస్ కంపెనీకి 5 కోట్ల డాలర్లు ముందే కట్టి, ఏటా ఫీజు కడతామని సంతకం చేయాల్సొచ్చింది. కత్తెర కనిపెట్టిన మనిషి పెట్టిన కంపెనీ చేయి ఉన్న చికిత్సకే ఆ కత్తెర వాడుకోవడానికి పేచీ తప్పలేదు. మరి రాజేంద్రనగర్ సంస్థకు ఏమీ అడగకుండా ఇచ్చేస్తారని అనుకోమంటారా? ఇచ్చేస్తే సంతోషం. ఆ సంతోషం కాగితం మీద చూపించండి.

మన పేటెంట్ చట్టం 3(ఐ) చికిత్స పద్ధతులకు పేటెంట్ ఇవ్వదు, అది కొంత నయం. సికిల్ సెల్ మన ఏజెన్సీల జబ్బు కూడా. పాడేరు, ఆదిలాబాద్ వైపు ఇళ్లలో ఇది కొత్త సంగతి కాదు. కేంద్ర ప్రభుత్వ పరిశోధన మండలి సీఎస్ఐఆర్ వాళ్ల ఢిల్లీ సంస్థ తన సొంత రకం కత్తెరతో ఈ జబ్బుకు చికిత్స తయారుచేసి, 2025 నవంబరులో బిర్సా ముండా పేరు మీద ప్రకటించింది. డబ్బులు పోసి లైసెన్సు కొనుక్కునే బదులు మన పనిముట్టు మనం చేసుకుందాం అన్న ఆలోచన అది. వ్యవసాయంలో కూడా ఆ పని మీ ఇంట్లోనే జరిగింది. కటక్‌లోని మీ వరి పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు క్యాస్9 కంటే చాలా చిన్నదైన టీఎన్‌పీబీ అనే ప్రొటీన్‌తో మొక్కల జన్యువులు ఎడిట్ చేసే పద్ధతి తీసుకొచ్చి భారతీయ పేటెంట్ తెచ్చుకున్నారు. వాళ్లకు చేతులెత్తి నమస్కారం. 2023-24 బడ్జెట్లో పంటల జీనోమ్ ఎడిటింగ్‌కు కేంద్రం 500 కోట్లు ఇచ్చింది. అందులో ఎంత క్యాస్9 రకాల మీద పోతోంది, ఎంత ఈ సొంత కత్తెర మీద పోతోందో అడిగే హక్కు పన్ను కట్టేవాడికి ఉంది. ఇంకోటి కూడా అడుగుతాను, తప్పుగా అనుకోవద్దు. కటక్ పేటెంట్ రేపు ఏ ప్రైవేటు విత్తన కంపెనీకైనా ఇస్తే, ఏ షరతుల మీద ఇస్తారు? బయటివాడు రాయల్టీ తీసుకుంటే దోపిడీ, మనం తీసుకుంటే స్వావలంబన అనుకోవడం నాకు నచ్చదు. రైతు జేబుకు రెండూ ఒకటే.

ఇక్కడ ఒక పాత కథ చెప్పాలి. మీ సంస్థా, హైదరాబాదు సీసీఎంబీ కలిసి 2008లో ఎండాకు తెగులు తట్టుకునే మెరుగైన సాంబ మసూరిని ఇచ్చారు. అందులో పెట్టిన మూడు జన్యువుల్లో ఒకటి ఎక్స్ఏ21. ఆఫ్రికాలో మాలి దేశపు అడవి వరి నుంచి వచ్చింది. ఆ జన్యువును 1995లో వేరుచేసిన కాలిఫోర్నియా యూనివర్సిటీ దాని మీద అమెరికాలో పేటెంట్ తీసుకుంది. అక్కడి శాస్త్రవేత్తలు కొందరు, ఆ అడవి వరి ఇచ్చిన దేశానికి ఏదైనా తిరిగి ఇవ్వాలని ఒక నిధి కూడా పెట్టారు. మీరు మాత్రం ఆ జన్యువును మామూలు సంకరం ద్వారా, జన్యువు జాడ చూపే మార్కర్ల సాయంతో తెచ్చి, మాకు రాయల్టీ గొడవ లేని విత్తనం ఇచ్చారు. ఆ పని చేసిన సంస్థ మీదే. అందుకే మీ దగ్గర ఈ మాట అడగడానికి నాకు మొహమాటం లేదు.

తల్లికి కూడా ఏదో ఒకటి దక్కాలి. 2001 చట్టంలో 'ప్రధానంగా ఒక రకం నుంచి పుట్టిన రకం' అనే కేటగిరీ ఉంది. సాంబ మసూరిలో ఒకే ఒక్క జన్యువు మార్చిన కమల అందులోకి రాకపోతే ఇంకేది వస్తుందో నాకు అర్థం కాదు. దాన్ని రిజిస్టర్ చేసేటప్పుడు బాపట్ల పేరు, మారుటేరు పేరు కాగితాల్లో స్పష్టంగా ఉండాలి. లాభం వస్తే ఆ కేంద్రాలకు వాటా ఉండాలి. ఆ రెండు చోట్లా ఖాళీ పోస్టులెన్నో, జీపు డీజిలుకు డబ్బులున్నాయో లేవో మీకు నాకంటే బాగా తెలుసు.

నేను అడిగేది పెద్దదేం కాదు. కమల, పూసా డీఎస్టీ 1 సర్టిఫైడ్ విత్తనం అమ్మకానికి రాకముందే, కత్తెర యజమానులతో మీకున్న ఒప్పందాన్ని బయట పెట్టండి. వ్యాపార రహస్యం అంటారేమో. ప్రభుత్వ డబ్బుతో, ప్రభుత్వ ఉద్యోగులు, ప్రజల రకం మీద చేసిన పనికి రహస్యమేంటి? డబ్బు కట్టక తప్పకపోతే, ఒక్కసారి ఇచ్చేసే మొత్తంగా మీరు కట్టండి, సంచికి ఇంత అని రైతు మీద వేయకండి. బేరం కుదరకపోతే, ప్రభుత్వ అవసరానికి పేటెంట్ వాడుకునే అధికారం చట్టంలో 100వ సెక్షన్ కింద ఉంది, దాన్ని వాడే ఉద్దేశం ఉందో లేదో చెప్పండి. విత్తనం దాచుకున్నా, మార్చుకున్నా, పక్కవాడికి ఇచ్చినా ఎవరూ అడగరని ఒప్పందంలోనే రాయించండి, ప్రెస్‌మీట్లో చెప్పడం చాలదు. ఆ విత్తనాన్ని ప్రైవేటు కంపెనీలు అమ్మేటట్టయితే, వాళ్లకు ఇచ్చే లైసెన్సులో కూడా అదే ముక్క ఉండాలి. ఎందుకంటే 2005లో నా కొట్టుకొచ్చిన ప్యాకెట్ మోన్‌శాంటో పేరు మీద రాలేదు, మనకు తెలిసిన విత్తన కంపెనీల పేర్ల మీదే వచ్చింది.

జవాబు ఇంగ్లీషులో ఢిల్లీ వెబ్‌సైట్‌లో ఒక మూల పెట్టి ఊరుకోకండి. తెలుగులో ఒక పేజీ రాసి రెండు రాష్ట్రాల కృషి విజ్ఞాన కేంద్రాలకూ, రైతు సేవా కేంద్రాలకూ, రైతు వేదికలకూ పంపండి. బాపట్లలో మీ కాలేజీ స్నేహితులు చాలామందే ఉంటారు, భాష సరిచూడటానికి వాళ్లు చాలు. సార్వా నారుమళ్లు పోసే జూన్‌కు ముందే అది మాకు అందితే, ఏ మడిలో ఏ విత్తనం పోయాలో మేం తేల్చుకుంటాం.

ఇట్లు,
ఒక బీపీటీ రైతు, పాత విత్తనాల డీలరు
కొల్లూరు మండలం, బాపట్ల జిల్లా